లిగ్నోకైన్ పడదని రాసి ఉంటే గొంతుకి ఏ మందు వేయాలి?

ఆపరేషన్‌కి ముందు చూసే కేస్ షీట్‌లో "లోకల్ అనస్తీషియా పడదు" అన్న ముక్క కనబడితే మాలో చాలామంది మత్తు డాక్టర్లు ఒకే పని చేస్తారు. ఒక్క చోటు వరకే మొద్దుబార్చే లోకల్ మందు లిగ్నోకైన్ పేరు కొట్టేసి, దాని బదులు ఇంకేం వాడొచ్చా అని వెతుకుతారు. ఆ మాట ఎవరు రాశారు, ఎందుకు రాశారు, అసలు ఆ రోజు ఏం జరిగింది అని కూర్చుని అడిగేవాళ్లు తక్కువ. చూడ్డానికి ఇది జాగ్రత్తలాగే ఉంటుంది. కానీ శ్వాసమార్గం మీద పని చేయాల్సిన రోగి విషయంలో, ఇలా కళ్లు మూసుకుని మందు మార్చేయడం చాలాసార్లు అతన్ని పెద్ద ప్రమాదంలోకి నెట్టడమేనని నా గట్టి నమ్మకం.

శరీరంలో మిగతా చోట్ల లోకల్ మందు లేకపోయినా దారులుంటాయి. చేతి మీద కొవ్వుగడ్డ తీయాలంటే పూర్తి మత్తు ఇవ్వొచ్చు, తొందర లేకపోతే వాయిదా వేయొచ్చు. నోరు ఒక వేలు పట్టేంత కూడా తెరుచుకోని మనిషికి, మెడలో పెరిగిన గడ్డ శ్వాసనాళాన్ని పక్కకి నెట్టేసిన మనిషికి, నాలుక కింద చీము పట్టి గొంతు వాచిపోయిన మనిషికి ఆ వెసులుబాటు లేదు. వాళ్లని నిద్రపుచ్చాక మాస్కుతో గాలి పోకపోవచ్చు, గొట్టం దూరకపోవచ్చు. అందుకని మెలకువగానే ఉంచుతాం. తనంతట తాను ఊపిరి తీసుకుంటుండగా ముక్కులోంచో నోట్లోంచో సన్నటి ఫైబర్‌ఆప్టిక్ స్కోపు పంపి, దాని మీదుగా గొట్టం జారుస్తాం. దీన్నే అవేక్ ఇంట్యుబేషన్ అంటాం. ఊపిరితిత్తుల డాక్టర్లు బ్రాంకోస్కోపీ, అంటే స్కోపుతో శ్వాసనాళాల లోపల చూడటం, చేసేదీ ఇదే దారిలో. ఈ పనంతా గొంతు ఎంత బాగా మొద్దుబారింది అన్న దాని మీదే నిలబడుతుంది.

ఆ మొద్దుబార్చడం అనుకున్నంత సులువు కాదు. ముక్కు లోపల ట్రైజెమినల్ నాడి కొమ్మలు, నాలుక వెనక గ్లోసోఫారింజియల్, స్వరతంత్రుల పైన సుపీరియర్ లారింజియల్, వాటి కింద రికరెంట్ లారింజియల్. ఇన్ని నాడుల పరిధిని ఒకే మందుతో, కొద్ది నిమిషాల్లో, విషప్రభావం రాకుండా పట్టించాలి. ఒక్క చోట పట్టకపోయినా దగ్గు, ఓకరింపు, స్వరతంత్రులు గట్టిగా మూసుకుపోవడం. లాలాజలం ఎక్కువగా ఉంటే మందు పొరకి అంటకుండా కొట్టుకుపోతుంది కాబట్టి ముందే గ్లైకోపైరోలేట్ ఇచ్చి నోరు ఆరేలా చేస్తాం. తర్వాత స్ప్రే, జెల్లీ, నెబులైజర్, స్కోపు లోంచి వదిలే ద్రవం, ఎవరి చేతివాటం వాళ్లది. పద్ధతి ఏదైనా మందు మాత్రం దాదాపు ఎప్పుడూ లిగ్నోకైనే. త్వరగా పడుతుంది, పని అయ్యేదాకా నిలుస్తుంది, ఎంత మోతాదు దాటితే ప్రమాదమో మనకి బాగా తెలుసు. ఆ మూడూ కలిసి ఉన్న మందు ఇంకొకటి దొరకడం కష్టం. అందుకే దాన్ని వదులుకునే ముందు గట్టి కారణం కావాలంటున్నాను.

కారణం దొరికేది రోగి నోటి నుంచే. రేడియేషన్ చికిత్స తర్వాత దవడ బిగుసుకుపోయిన ఒకావిడతో నా సంభాషణ ఇలా సాగింది.

"డాక్టర్ గారూ, నాకు మత్తు ఇంజెక్షన్ పడదండీ. పోయినసారి చచ్చి బతికాను."

"ఆ రోజు ఏమైందమ్మా?"

"పన్ను తీయడానికి చిగురులో ఇంజెక్షన్ చేశారండీ. చేసిన నిమిషంలోనే గుండె దడదడా కొట్టుకుంది. చేతులు వణికాయి, చెమటలు పట్టేశాయి. ఇక అయిపోయింది అనుకున్నా."

"ఒంటి మీద దద్దుర్లు వచ్చాయా? పెదాలు గానీ కళ్లు గానీ వాచాయా? ఊపిరి తీస్తుంటే ఈల లాంటి చప్పుడు వచ్చిందా?"

"లేదండీ, అవేం లేవు."

"ఎంతసేపు ఉందమ్మా?"

"ఐదు పది నిమిషాలు ఉందేమో. కుర్చీ వెనక్కి వాల్చి పడుకోబెట్టారు, అదే తగ్గింది."

"ఆ తర్వాత ఎప్పుడైనా కుట్లకోసం ఇలాంటి ఇంజెక్షన్ చేశారా?"

"ఆఁ, కాలికి గాజు గుచ్చుకుంటే చేశారు. అప్పుడేం కాలేదు మరి."

ఈ నాలుగు ప్రశ్నలకి పట్టే సమయం చాలా తక్కువ. పళ్ల డాక్టర్లు వాడే మందులో ఎడ్రినలిన్ కలిపి ఉంటుంది, రక్తస్రావం తగ్గడానికి, మందు ఎక్కువసేపు నిలవడానికి. అది కాస్త వేగంగా రక్తంలోకి పోతే గుండె దడ, వణుకు, చెమట, భయం అన్నీ వస్తాయి, కొన్ని నిమిషాల్లో పోతాయి. ఆవిడకి జరిగింది అదే అనడానికి అన్ని లక్షణాలూ సరిపోయాయి. పైగా ఆ తర్వాత కాలికి అదే రకం మందు ఎక్కించినా ఏమీ కాలేదు. ఈ చివరి ప్రశ్న నాకు చాలా విలువైనది. "పడని" రోజు తర్వాత కుట్లకి, ఎండోస్కోపీకి, గొంతులో స్ప్రేకి, చివరికి ప్రొపోఫాల్ అనే మత్తు మందు ఎక్కించేటప్పుడు చెయ్యి మంట తగ్గడానికి ఇచ్చే లిగ్నోకైన్‌కి కూడా రోగి చాలాసార్లు గురై ఉంటాడు. పాత మత్తు రికార్డులు తిరగేస్తే ఆ సాక్ష్యం కళ్ల ముందే ఉంటుంది.

లోకల్ మందులకి నిజమైన ఎలర్జీ, అంటే ఐజీఈ అనే ఎలర్జీ యాంటీబాడీల వల్ల వచ్చేది, అత్యంత అరుదు. ఈ మందులతో జరిగినట్టు చెప్పే అవాంఛనీయ ఘటనల్లో అది 1 శాతం కూడా ఉండదన్నది వైద్య గ్రంథాల్లో చాలాకాలంగా చెబుతున్న మాట. మరి మిగతావన్నీ ఏమిటి? సూది చూసి కళ్లు తిరిగి పడిపోవడం మొదటిది. అప్పుడు నాడి నెమ్మదిస్తుంది, ముఖం పాలిపోతుంది. అనాఫిలాక్సిస్‌లో, అంటే ఒళ్లంతా కమ్మే ప్రాణాంతకమైన ఎలర్జీలో, మామూలుగా నాడి వేగం పెరుగుతుంది, ఒళ్లు ఎర్రబడుతుంది. కంగారులో గబగబా ఊపిరి పీల్చి వేళ్లు, పెదాలు తిమ్మిరెక్కడం రెండోది. మూడోది మందు పొరపాటున రక్తనాళంలోకి పోవడం, లేదా మోతాదు మించడం. నోటి చుట్టూ తిమ్మిరి, నోట్లో ఇనుప రుచి, చెవుల్లో హోరు, ఆ తర్వాత ఫిట్స్. ఇది చాలా ప్రమాదకరమైన విషయమే, కానీ ఎలర్జీ మాత్రం కాదు. సరైన మోతాదులో అదే మందు ఆ మనిషికి మళ్లీ ఇవ్వొచ్చు.

గొంతుకి సంబంధించి ఇంకో రెండు మాయలున్నాయి. వీటి గురించి తగినంతగా మాట్లాడుకోవడం లేదని నా బాధ. గొంతులో స్ప్రే కొట్టాక లోపలి స్పర్శ పోతుంది. మింగడం తెలియదు, గాలి గొంతులోంచి పోతున్న భావన కూడా తగ్గిపోతుంది. కొంతమందికి ఇది "గొంతు మూసుకుపోతోంది, ఊపిరి ఆడట్లేదు" అన్నట్టు అనిపించి విపరీతమైన టెన్షన్ వస్తుంది. ఆక్సిజన్ శాతం బాగానే ఉంటుంది, ఛాతీలో ఏ చప్పుడూ ఉండదు. మందు తన పని తాను చేసింది, అంతే. ఆ భయంతో లేచి కూర్చున్న రోగి కాగితంలో "స్ప్రేకి ఎలర్జీ" అని చేరిపోతుంది. స్ప్రే కొట్టే ముందే "గొంతు లావైనట్టు, మింగలేనట్టు అనిపిస్తుంది, గాలి మాత్రం ఆడుతూనే ఉంటుంది" అని చెబితే సగం మందికి ఆ భయమే రాదు. అలాగని గొంతు మొద్దుబారడం ఎప్పుడూ నిరపాయమని కూడా అనను. అప్పటికే బాగా ఇరుకైన శ్వాసమార్గంలో స్ప్రే వేశాక మార్గం పూర్తిగా మూసుకుపోయిన సందర్భాలు వైద్య సాహిత్యంలో నమోదై ఉన్నాయి. అదీ ఎలర్జీ కాదు, కానీ మెడ మీద నుంచి మార్గం తెరవగల సర్జన్ పక్కన ఉండి తీరాల్సిన సందర్భం.

రెండో మాయ వాపు. వంశపారంపర్యంగా సీ1 ఇన్హిబిటర్ అనే, వాపుని అదుపులో ఉంచే ప్రొటీన్ లోపం ఉన్నవాళ్లకి పంటి పని తర్వాత కొన్ని గంటలకి ముఖం, నాలుక, గొంతు వాచవచ్చు. బీపీకి వాడే ఏసీఈ ఇన్హిబిటర్ మాత్రల వల్ల కూడా అలాంటి వాపే వస్తుంది. ఇందులో దద్దుర్లు ఉండవు, దురద ఉండదు, ఎడ్రినలిన్‌కి, యాంటీహిస్టమిన్‌కి సరిగా లొంగదు. ఆ రోజు వేసిన ఇంజెక్షన్ మీద నింద వేసి మనం తృప్తి పడితే అసలు జబ్బు గుర్తించకుండా వదిలేసినట్టే. రేపు స్కోపు రాపిడికే ఆ గొంతు మళ్లీ వాచవచ్చు. అప్పుడు లిగ్నోకైన్ మానేశామన్న సంతృప్తి రోగిని కాపాడదు.

ఇక రసాయనం సంగతి. లోకల్ మందులు రెండు కుటుంబాలు, ఎస్టర్లు, ఎమైడ్లు. 1884లో వియన్నాలో కార్ల్ కొలర్ కంటి ఆపరేషన్‌కి వాడిన కొకైన్, ఆ తర్వాత ఆల్ఫ్రెడ్ ఐన్‌హార్న్ తయారుచేసిన ప్రొకైన్, ఇంకా టెట్రాకైన్, క్లోరోప్రొకైన్, బెంజోకైన్ ఎస్టర్లు. 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేసిన లిగ్నోకైన్, దాని తర్వాత వచ్చిన ప్రిలోకైన్, బూపివకైన్, రోపివకైన్ ఎమైడ్లు. ఎస్టర్లలో చాలావాటిని రక్తంలోని ఎంజైము విడగొట్టినప్పుడు పారా అమైనో బెంజోయిక్ యాసిడ్, పొట్టిగా పాబా, లేదా దానికి దగ్గరి చుట్టం పుడుతుంది. ఎలర్జీ తెచ్చేది అదే. కాబట్టి ఎస్టర్లలో ఒకటి పడకపోతే మిగతావి కూడా పడకపోయే అవకాశం ఎక్కువ. జుట్టు రంగులో ఉండే పీపీడీ అనే రసాయనంతో చర్మం మండి బొబ్బలు వచ్చినవాళ్లకి కూడా బెంజోకైన్‌తో ఇబ్బంది రావచ్చు. ఎమైడ్లలో పాబా పుట్టదు. అందుకే ఎస్టర్ పడని రోగికి ఎమైడ్ ఇవ్వొచ్చు, ఒక్క షరతు మీద.

ఆ షరతు సీసా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. చాలాసార్లు వాడుకునే పెద్ద వయల్స్‌లో సూక్ష్మజీవులు పెరగకుండా మిథైల్ పారాబెన్ కలుపుతారు. దాని నిర్మాణం పాబాకి దగ్గర, కాబట్టి అది లేని మందే ఇవ్వాలి. ఎడ్రినలిన్ కలిపిన మందులో అది పాడవకుండా మెటాబైసల్ఫైట్ ఉంటుంది, కొంతమంది ఆస్తమా రోగులకి దానితో ఆయాసం రావచ్చు. స్ప్రేల్లో ఆల్కహాల్, రుచికోసం, వాసనకోసం కలిపేవి ఉంటాయి. జెల్లీల్లో తయారీదారుని బట్టి పారాబెన్లు ఉండవచ్చు. కొన్నింటిలో సూక్ష్మజీవులని చంపే క్లోర్‌హెక్సిడిన్ కూడా ఉంటుంది. అంటే "లిగ్నోకైన్ వాడాం" అనుకునే ప్రతిసారీ రోగి గొంతులోకి వెళ్లేది నాలుగైదు పదార్థాల మిశ్రమం. వచ్చిన రియాక్షన్‌ని లేబుల్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేరుకే అంటగట్టడం మనకి అలవాటైపోయింది.

క్లోర్‌హెక్సిడిన్ గురించి కాస్త ఆగి చెప్పాలి. ఒకాయనకి మూత్రనాళంలో గొట్టం వేసిన కాసేపటికి ఒళ్లంతా దద్దుర్లు లేచి బీపీ పడిపోయింది. గొట్టానికి రాసింది లిగ్నోకైన్ జెల్లీ కాబట్టి ఫైలు మీద "లిగ్నోకైన్ ఎలర్జీ" అని పడింది. తర్వాత బ్రాంకోస్కోపీ అవసరమై మా దగ్గరికి వచ్చారు. ఆయన కథ వింటే ఇది నిజమైన అనాఫిలాక్సిస్ అని అర్థమవుతోంది, దడ, భయం లాంటిది కాదు. ఎలర్జీ నిపుణుల దగ్గరికి పంపాం. లిగ్నోకైన్‌కి పరీక్షలన్నీ నెగెటివ్. ఆ జెల్లీలోనే ఉన్న క్లోర్‌హెక్సిడిన్‌కి పాజిటివ్. ఇందులో నన్ను కలవరపెట్టిన సంగతి ఏమిటంటే, ఆ ఫైలు చూసిన ప్రతివారూ లిగ్నోకైన్ దాచేసి, చర్మం తుడవడానికి మాత్రం క్లోర్‌హెక్సిడిన్ దూది పట్టుకునే ప్రమాదం అన్నాళ్లూ ఉంది. పెద్ద రక్తనాళంలో పెట్టే కొన్ని సెంట్రల్ లైన్ల పూతలో అది ఉంటుంది, నోరు పుక్కిలించే మందులో ఉంటుంది. బ్రిటన్‌లో జరిగిన పెద్ద జాతీయ పరిశీలన, నాప్6 అంటారు, 2018లో వెలువడింది. ఆపరేషన్ సమయంలో వచ్చే అనాఫిలాక్సిస్‌కి ముఖ్య కారణాలుగా అది తేల్చినవి యాంటీబయాటిక్స్, కండరాలు సడలించే మందులు, క్లోర్‌హెక్సిడిన్, పేటెంట్ బ్లూ అనే రంగు.

ఈ జాబితా నా వాదనకి ప్రాణం. లిగ్నోకైన్ పడదేమోనన్న భయంతో అవేక్ ఇంట్యుబేషన్ మానేసి, పూర్తి మత్తు ఇచ్చి, కండరాలు సడలించే మందు ఎక్కిస్తే ఏం జరిగింది? అరుదైన ఎలర్జీని తప్పించుకోవడానికి, ఎలర్జీకి పేరుమోసిన మందు తెచ్చుకున్నాం. పైగా గొట్టం వేయడం కష్టమని ముందే తెలిసిన మనిషి ఊపిరిని మన చేతులతో ఆపేశాం.

ఎమైడ్ వద్దనుకుని ఎస్టర్ వైపు తిరిగేవాళ్లు ఎక్కువగా వెళ్లేది బెంజోకైన్ స్ప్రే దగ్గరికి, అది దొరికే చోట. చిటికెలో పడుతుంది, అందులో సందేహం లేదు. కానీ ఒక్కోసారి కాస్త ఎక్కువసేపు నొక్కినా రక్తంలోని హిమోగ్లోబిన్‌ని మెథిమోగ్లోబిన్‌గా మార్చేస్తుంది, అది ఆక్సిజన్ మోయలేదు. రోగి నీలం తిరుగుతాడు, పల్స్ ఆక్సిమీటర్ 85 దగ్గర ఆగిపోతుంది, ఆక్సిజన్ ఎంత పెంచినా కదలదు. తీసిన రక్తం చాక్లెట్ రంగులో ఉంటుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనిపై 2006 నుంచి పలుమార్లు హెచ్చరికలు ఇచ్చింది. ఇప్పుడు ఇదే పరిస్థితిని స్కోపు సగం దూరిన గొంతులో ఊహించండి. ఆక్సిజన్ పడిపోవడానికి అక్కడ సవాలక్ష కారణాలున్నాయి. ఎవరికైనా ముందు గుర్తొచ్చేది గొంతు మూసుకుపోయిందనో, మందు పడలేదనో. మెథిలీన్ బ్లూ కిలోకి 1 నుంచి 2 మిల్లీగ్రాములు నరంలోకి ఇస్తే తగ్గుతుంది, కానీ జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లకి అది ఇవ్వకూడదు, రక్తకణాలు పగిలిపోతాయి. ఎమైడ్ అయిన ప్రిలోకైన్‌కీ ఈ గుణం ఉంది. ఉత్త అనుమానం మీద లిగ్నోకైన్ మానేసి బెంజోకైన్ పట్టుకోవడం నాకు ఏ లెక్కన చూసినా సమర్థనీయం అనిపించదు.

కొకైన్ ముక్కుకి బాగా పనిచేస్తుంది, రక్తనాళాలు కూడా కుదిస్తుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లకి ప్రమాదం, దొరకడం నియంత్రణలో ఉంటుంది. బూపివకైన్ గొంతుకి వద్దు. నెమ్మదిగా పడుతుంది, ఎక్కువైతే గుండెని ఆపుతుంది, తిరిగి కొట్టించడం చాలా కష్టం. డైఫెన్‌హైడ్రమిన్ ఇంజెక్షన్‌ని 1 శాతానికి పలచన చేసి చర్మం కింద వాడిన అనుభవం ఉంది, మండుతుంది, నిద్ర తెస్తుంది. చిన్న కుట్లకి సరే, మొత్తం శ్వాసమార్గానికి అది ఆధారపడదగ్గ మందు కాదు.

మరి నిజంగానే లిగ్నోకైన్‌కి ఎలర్జీ ఉన్నవాళ్లు? ఉన్నారు. తక్కువే గానీ ఉన్నారు, వాళ్ల విషయంలో తేలిగ్గా తీసుకోమని నేను చెప్పడం లేదు. నిమిషాల్లో దద్దుర్లు, వాపు, ఈల లాంటి ఆయాసం, బీపీ పడిపోవడం, ఎడ్రినలిన్ ఇస్తే గానీ తేరుకోకపోవడం, ఇలాంటి చరిత్ర ఉంటే నేను పరీక్ష లేకుండా చుక్క కూడా వేయను. పని వాయిదా వేయగలిగితే ఎలర్జీ నిపుణుల దగ్గరికి పంపాలి. రియాక్షన్ వచ్చిన 4 నుంచి 6 వారాల తర్వాత పరీక్ష చేయడం మామూలు. ప్రిజర్వేటివ్, ఎడ్రినలిన్ ఏవీ లేని మందుతో ముందు చర్మం మీద గీరి చూస్తారు, తర్వాత పలచన చేసి చర్మంలోకి, అదీ నెగెటివ్ అయితే చర్మం కింద మోతాదు పెంచుకుంటూ ఇచ్చి గమనిస్తారు. చివరి మెట్టే అసలు నిర్ధారణ. లిగ్నోకైన్ పాజిటివ్ అయితే అక్కడితో ఆగకూడదు. ఎమైడ్లలో ఒకటి పడకపోతే అన్నీ పడవని నియమం లేదు, కాబట్టి ఇంకో ఎమైడ్‌నీ ఒక ఎస్టర్‌నీ కూడా అప్పుడే పరీక్షించి, "ఇది వాడొచ్చు" అని పేరుతో సహా రాయించుకోవాలి. వాడకూడని మందు పేరొక్కటే తెలిస్తే నా చేతికి ఏ ఆయుధమూ లేనట్టే.

ఇక్కడ ఒక అలవాటు గురించి నిక్కచ్చిగా చెప్పాలి. ఏ చరిత్రా లేని ప్రతి రోగికీ వార్డులో చేతి మీద కాస్త మందు పొడిచి, ఎర్రబడిందా లేదా చూసి "టెస్ట్ డోస్ అయింది" అని రాయడం చాలా చోట్ల ఉంది. చరిత్ర లేనివాళ్లకి దాని అవసరం లేదు. సూది గుచ్చినందుకే ఎర్రబడి, మంచి మందుకి జీవితాంతం మచ్చ పడుతుంది. నిజమైన చరిత్ర ఉన్నవాళ్లకి అది సరిపోదు, తగిన ఏర్పాట్లు లేకుండా చేస్తే ప్రమాదం కూడా.

వాయిదా వేసే వీలే లేదు, చరిత్ర మాత్రం నిజంలా ఉంది, గొంతు గంట గంటకీ వాస్తోంది. ఇది అందరికన్నా కష్టమైన రోగి. ఏ కుటుంబం మందుతో రియాక్షన్ వచ్చిందో తెలిస్తే రెండో కుటుంబం, ప్రిజర్వేటివ్ లేనిది. ఎమైడ్‌తో అయితే క్లోరోప్రొకైన్ గానీ టెట్రాకైన్ గానీ. టెట్రాకైన్ విషప్రభావం తక్కువ మోతాదులోనే వస్తుంది కాబట్టి చెయ్యి బిగబట్టి వాడాలి. ఏ మందో తెలియకపోతే లోకల్ లేకుండానే చేయడం: రెమిఫెంటానిల్ దగ్గుని అణుస్తుంది, డెక్స్‌మెడిటొమిడిన్ ఊపిరిని పెద్దగా ఆపకుండా మగతనిస్తుంది, కెటమిన్ ఊపిరి నిలుపుతుంది కానీ లాలాజలం పెంచుతుంది. వీటితో అవేక్ ఇంట్యుబేషన్ సాధ్యమే. కానీ రెమిఫెంటానిల్ రవ్వ ఎక్కువైతే రోగి ఊపిరి తీయడం మర్చిపోతాడు, డెక్స్‌మెడిటొమిడిన్ నాడిని నెమ్మదింపజేస్తుంది. ఒక డాక్టర్ స్కోపు పట్టుకుంటే మగత చూసుకోవడానికే ఇంకో డాక్టర్ ఉండాలి. మొద్దుబారిన గొంతు ఉన్న రోగి మాట వింటాడు, సహకరిస్తాడు. మగతతో సరిపెట్టిన గొంతు అలా ఉండదు. అందుకే ఈ దారిని నిజంగా అవసరమైనవాళ్లకి మాత్రమే దాచుకోవాలంటాను.

"ఏమో, ఎందుకొచ్చిన రిస్కు? పడదని రాసి ఉన్నదాన్ని ఇచ్చి ఏమైనా అయితే ఎవరు జవాబు చెప్పాలి?" అని సహచరులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, తీసిపారేయను. కానీ మానేయడం వల్ల జరిగే హానికి కూడా ఎవరో జవాబు చెప్పాలి కదా. మగత ఎక్కువై ఊపిరి ఆగిన రోగి, బెంజోకైన్‌తో నీలం తిరిగిన రోగి, పూర్తి మత్తులో గొట్టం దూరక మెడ కోయాల్సి వచ్చిన రోగి. వాళ్ల కాగితాల్లో "లిగ్నోకైన్ మానేసినందువల్ల" అని ఎవరూ రాయరు, అందుకే ఆ లెక్క మనకి కనబడదు. నేను అడిగిన ప్రశ్నలు, రోగి చెప్పిన జవాబులు, పాత రికార్డులో దొరికిన సాక్ష్యం, నా నిర్ణయం, రోగి సమ్మతి, అన్నీ రాసి పెట్టుకుంటే ఆ జవాబు నేను ధైర్యంగా చెప్పగలను. పెన్సిలిన్ పడదనో సల్ఫా మాత్ర పడదనో రాసి ఉన్నందుకు లిగ్నోకైన్ ఆపేవాళ్లని కూడా చూశాను. ఆ మందులకీ దీనికీ సంబంధం లేదు. సల్ఫా యాంటీబయాటిక్‌కీ, ప్రిజర్వేటివ్‌గా వాడే సల్ఫైట్‌కీ కూడా పేరులో పోలిక తప్ప ఇంకే సంబంధమూ లేదు.

ఇవ్వాలని నిర్ణయించుకున్నాక చేసేది జాగ్రత్తగా చేయాలి. ప్రిజర్వేటివ్ లేని ఆంప్యూల్ తీసుకుంటాను. ఎడ్రినలిన్ సిరంజిలో పోసి పేరు అంటించి పక్కన ఉంచుతాను. ముందు కొద్దిగా వేసి, ఆగి, చూసి, తర్వాత మిగతాది. మోతాదు లెక్క రాసుకుంటూ పోతాను, ఎందుకంటే గొంతుకి వేసే లిగ్నోకైన్‌లో ఎలర్జీ కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా జరిగే ప్రమాదం మోతాదు మించడం. బ్రిటన్‌లోని డిఫికల్ట్ ఎయిర్‌వే సొసైటీ 2020 మార్గదర్శకాల ప్రకారం కొవ్వు మినహాయించిన శరీర బరువుకి కిలోకి 9 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ బరువు 60 కిలోలైతే 540 మిల్లీగ్రాములు. 10 శాతం స్ప్రే ఒక్క నొక్కుకి 10 మిల్లీగ్రాములు, 4 శాతం ద్రవం ఒక్క మిల్లీలీటర్‌కి 40. స్ప్రే ఒకరు, జెల్లీ ఒకరు, స్కోపు లోంచి ద్రవం ఇంకొకరు వేస్తూ పోతే ఆ హద్దు తెలియకుండానే దాటిపోతుంది. ఫిట్స్ వస్తే అందుకోవడానికి 20 శాతం లిపిడ్ ఎమల్షన్, అంటే నరంలోకి ఎక్కించే కొవ్వు ద్రవం, గదిలో ఉండాలి, మొదటి మోతాదు కిలోకి 1.5 మిల్లీలీటర్లు. పని అయ్యాక గొంతు తిమ్మిరి పోయేదాకా, కనీసం రెండు గంటలు, నోటి ద్వారా ఏమీ ఇవ్వొద్దని వార్డుకి చెప్పాలి.

దవడ బిగుసుకున్న ఆవిడకి అలాగే చేశాం, గొట్టం దిగింది, ఆపరేషన్ అయింది. మర్నాడు నేను చేసిన పనుల్లో ముఖ్యమైనది ఒక కాగితం రాయడం. లిగ్నోకైన్ ప్రిజర్వేటివ్ లేనిది, ఇన్ని మిల్లీగ్రాములు, ఈ తేదీన, గొంతుకి వేశాం, ఏ రియాక్షనూ రాలేదు. పాత ఘటన ఎడ్రినలిన్ వల్ల వచ్చిన దడ అని మా అంచనా. ఒక నకలు ఆవిడకి, ఒకటి ఫైలుకి, ఒకటి ఆవిడ మామూలుగా చూపించుకునే డాక్టర్‌కి.

రియాక్షన్ వచ్చిన రోజే ఈ పని సగం జరగాలి. పళ్ల క్లినిక్ కానీ, ఎండోస్కోపీ గది కానీ, ఆపరేషన్ థియేటర్ కానీ, మందు పడలేదని అనుమానం వచ్చిన చోటే రాయాల్సినవి కొన్ని ఉన్నాయి: మందు పూర్తి పేరు, శాతం, అందులో ఎడ్రినలిన్, ప్రిజర్వేటివ్ ఉన్నాయా, ఎంత వేశారు, వేసిన ఎన్ని నిమిషాలకి ఏ లక్షణం వచ్చింది, నాడి ఎంత, బీపీ ఎంత, దద్దుర్లు ఉన్నాయా లేవా, అదే సమయంలో వాడిన యాంటీబయాటిక్, చర్మం తుడిచిన మందు, గ్లవ్స్ రకం, ఏం ఇస్తే తగ్గింది. ఎలర్జీ రియాక్షన్‌లో రక్తంలో పెరిగే ట్రిప్టేజ్ పరీక్షకి రక్తం వెంటనే ఒకసారి, 1 నుంచి 2 గంటల మధ్య ఒకసారి, 24 గంటలు దాటాక ఒకసారి తీసి, ప్రతి గొట్టం మీదా తీసిన సమయం రాయాలి. ఎన్నాళ్ల తర్వాత ఆ రోగి ఏ మత్తు డాక్టర్ ముందు కూర్చున్నా, మందు ఎంచుకోవడానికి పనికొచ్చేది ఆ కాగితమే.